బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్‌కు ఇంటి దగ్గర సెరామిక్ పూత: పూర్తి కేస్ స్టడీ

4.5 మిల్లీమీటర్ల బోర్ (బ్యారెల్ లోపలి వ్యాసం), స్ప్రింగ్ పిస్టన్, బ్యారెల్ విరిచి లోడ్ చేసే రకం ఎయిర్ రైఫిల్. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు చేసేవారిది. ఫ్యాక్టరీలో వేసిన నల్లరంగు మూడు చోట్ల పోయింది. కాక్ చేసేటప్పుడు, అంటే బ్యారెల్ వంచి స్ప్రింగ్‌ను ఎక్కుపెట్టేటప్పుడు, చెయ్యి పడే బ్యారెల్ చివరి జానెడు, స్కోప్ మౌంట్ కింద భాగం, ట్రిగ్గర్ గార్డు. మౌంట్ కింద తుప్పు పైపైన ఆగలేదు, సన్నని గుంటలు పడ్డాయి. కారణం చెమట ఒక్కటే కాదు. రైఫిల్‌ను స్పాంజి కేసులో పెట్టి, జిప్పు వేసి, వానాకాలమంతా బీరువా పక్కన నిలబెట్టారు. స్పాంజి తేమ పీల్చుకుని వదలదు. అది ఇనుముకు ఆనిన చోటల్లా తుప్పు లేస్తుంది. కాబట్టి పూత పనికంటే ముందు యజమానికి చెప్పిన మాట: ఆ కేసు ప్రయాణానికే గాని దాచడానికి కాదు.

చట్టం సంగతి మొదటే తేల్చుకోవాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోర్ 4.5 మి.మీ., మజిల్ ఎనర్జీ (పెల్లెట్ బ్యారెల్ దాటేటప్పటి శక్తి) 20 జౌళ్ళు దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. 0.54 గ్రాముల పెల్లెట్‌తో లెక్కేస్తే సెకనుకు 272 మీటర్ల దగ్గర 20 జౌళ్ళు అవుతుంది. ఈ రైఫిల్ దానికి బాగా కిందే ఉంది, పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద చూసిన తర్వాతే విప్పారు. లైసెన్సు ఉన్న 12 బోర్ అయినా, పిస్టల్ అయినా సంగతి వేరు. వాటికి రిపేరు పని చేసిపెట్టాలంటే 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. అలాంటి భాగాన్ని బాలానగర్ షెడ్డులో బ్లాస్టింగ్‌కు (గాలి ఒత్తిడితో గరుకు రజను కొట్టడానికి) ఇవ్వడం, పక్కింటి వాళ్ళ మేడ మీద రంగు కొట్టించడం కుదరదు. లైసెన్సు ఉన్న గన్ షాపుకే ఇవ్వాలి. ఇక్కడి పద్ధతి లోహం మీద పూతకు సంబంధించింది కాబట్టి రెండింటికీ ఒకటే, కానీ ఎవరు చేయవచ్చన్నది ఒకటి కాదు.

పూత ఎంపిక

వాడింది సెరాకోట్ హెచ్ సిరీస్, నలుపు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని ఎన్ఐసీ ఇండస్ట్రీస్ తయారీ. రెండు సీసాల మందు, రంగు ఒకటి, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ ఒకటి. ఓవెన్‌లో వేడికి గట్టిపడుతుంది. అదే కంపెనీ సి సిరీస్‌కు ఓవెన్ అక్కర్లేదు, గాలికే 5 రోజుల్లో పూర్తిగా గట్టిపడుతుంది, బైక్ సైలెన్సర్ లాంటి బాగా కాలే వస్తువులకు అది సరైంది. చెయ్యి రుద్దుకునే, నూనె తగిలే రైఫిల్‌కు హెచ్ సిరీసే మేలు. మాదాపూర్, కూకట్‌పల్లి కార్ స్టూడియోల్లో వేసే సెరామిక్ కోటింగ్‌తో దీనికి సంబంధం లేదు. అది కారు రంగు మీద గుడ్డతో పూసే పారదర్శక ద్రవం, బోడి ఇనుముకు రక్షణ కాదు.

బాలానగర్‌లో దొరికే పౌడర్ కోటింగ్ చవక, గట్టిది కూడా. కానీ మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్ల మందం వస్తుంది, 180 నుంచి 200 డిగ్రీల వేడి అడుగుతుంది. ఈ రైఫిల్‌లో బ్యారెల్‌ను దాని వెనక చివరను పట్టే బ్రీచ్ బ్లాక్ దిమ్మలోకి దిగ్గొట్టి రిటైనింగ్ జిగురుతో పట్టించారు. అలాంటి జిగుర్లు చాలావరకు 150 డిగ్రీల దగ్గరే పట్టు సడలిస్తాయి. పౌడర్ ఓవెన్‌లోంచి బ్యారెల్ వెంట్రుకవాసి వంకరగా బయటికొస్తే తర్వాత ఏ స్కోపూ దాన్ని సరిచేయలేదు.

హెచ్ సిరీస్ పూత గట్టిపడ్డాక 12 నుంచి 25 మైక్రాన్లు ఉండాలి. ఈ పనిలో అందరూ తక్కువగా చూసే అంకె ఇదే. 25 మైక్రాన్లంటే లెక్కలోకి రాదనుకుంటారు. గుండ్రటి పిన్ను మీద వేస్తే వ్యాసం 50 మైక్రాన్లు పెరుగుతుంది. పిన్ను దూరే రంధ్రంలో కూడా పడితే అది 50 తగ్గుతుంది. రెండూ కలిపి 0.1 మి.మీ., అంటే మంచి పివట్‌లో ఉండే సందంతా మింగేసినట్టే. స్క్రూ మరల మీదైతే ఇంకా ఘోరం. 60 డిగ్రీల మరకు పిచ్ వ్యాసం పూత మందానికి నాలుగింతలు పెరుగుతుంది. స్క్రూ సగం దిగి బిగుసుకుపోతుంది, బలంగా తిప్పితే తల విరుగుతుంది.

ఏది వదిలేయాలి

పూత పడినవి: బ్యారెల్ బయటి భాగం, పిస్టన్ జరిగే కంప్రెషన్ ట్యూబ్ బయటి భాగం, కాకింగ్ ఆర్మ్, ట్రిగ్గర్ గార్డు, ట్యూబ్ వెనక మూత. పడనివి ఇంతకంటే ఎక్కువ. ట్యూబ్ లోపలి గోడ మీద పిస్టన్ సీలు జారుతుంది, అక్కడ పూత గాని బ్లాస్టింగ్ గీత గాని పడకూడదు. బ్యారెల్ బోర్, బ్రీచ్ సీలు కూర్చునే గాడి, గాలి బ్యారెల్‌లోకి వెళ్ళే ట్రాన్స్‌ఫర్ పోర్టు, బ్యారెల్‌ను మూసి పట్టే లాకింగ్ వెడ్జి, బ్యారెల్ వంగేటప్పుడు తిరిగే పివట్ బోల్టు, దాని రంధ్రం, పక్కనుండే వాషర్లు, మెయిన్ స్ప్రింగ్, పిస్టన్, స్క్రూలన్నీ. ట్రిగ్గర్ లోపలి భాగాలైతే అసలు ముట్టుకోకూడదు. ఎక్కుపెట్టిన పిస్టన్‌ను పట్టి ఉంచే సియర్ అంచు మీద కొన్ని మైక్రాన్లు చేరినా పట్టు కోణం మారుతుంది, బ్లాస్టింగ్ ఆ పదునును కొరికేస్తుంది. ట్రిగ్గర్ తొందరగా జారే ఎయిర్ రైఫిల్, తెరిచిన బ్యారెల్‌ను పట్టుకున్న వేళ్ళకు ప్రమాదం.

విప్పడంలో ఒక హెచ్చరిక. మెయిన్ స్ప్రింగ్ ట్యూబ్ లోపల నొక్కుడులోనే ఉంటుంది, కాక్ చేయకపోయినా. వెనక పిన్ను తీయగానే మూతతో సహా ఎగిరొస్తుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా, ఇద్దరు పట్టుకుని చేయి అడ్డం పెట్టి తీసే పద్ధతి ఈ నగరంలో బాగా వాడుకలో ఉంది, అందుకే చెప్పడం. లాత్ బెడ్డు గాని పొడవాటి బార్ క్లాంపు గాని ఉంటే చాలు. గాలి నింపే పీసీపీ రైఫిలైతే సిలిండర్‌ను ఈ పని జాబితాలోనే చేర్చొద్దు. బ్లాస్టింగూ వద్దు, ఓవెనూ వద్దు. అంత ఒత్తిడి మోసే గోడను గీకి, కాల్చి, మళ్ళీ నింపడం పూతకు చెల్లించాల్సిన ధర కాదు.

సిలికాన్: అసలు శత్రువు

ఎయిర్ రైఫిల్ పనికి, తుపాకీ పనికి ఉన్న పెద్ద తేడా ఇక్కడే. ఎయిర్ గన్‌లకు సిలికాన్ ఆయిల్ వాడతారు. పెట్రోలియం నూనె పిస్టన్ ముందు వేడికి అంటుకుని పేలుతుందని సిలికాన్ వేస్తారు. అది న్యాయమే. కానీ ఆ సిలికాన్ ట్యూబ్ కీళ్ళలోంచి, వెల్డు సందుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి బయటికి పాకుతుంది. అది ఉన్న చోట తడి పూత చారు మీద నూనెచుక్క చుట్టూ జరిగినట్టు జరిగిపోయి, గుండ్రటి ఖాళీ కన్ను మిగులుస్తుంది. నడుమ బోడి లోహం కనిపిస్తుంది.

అందరూ అసిటోన్‌లో నానబెడతారు. అసిటోన్ గ్రీజును, మామూలు నూనెను కరిగిస్తుంది గాని సిలికాన్‌ను సరిగ్గా కరిగించదు, పల్చగా పరుస్తుంది. కాబట్టి క్రమం మార్చాలి. మొదట మోలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజును గుడ్డతో, బ్రష్షుతో తుడిచేయాలి. తర్వాత మినరల్ టర్పెంటైన్‌లో గాని టోలీన్‌లో గాని కడగాలి, సిలికాన్ వీటిలో కరుగుతుంది. ఒకసారి వాడిన ద్రవాన్ని పారబోసి కొత్తదాంతో మళ్ళీ కడగాలి. ఎందుకంటే మొదటి ద్రవంలో కరిగిన సిలికాన్ ఆరిపోయాక అదే ముక్క మీద మిగిలిపోతుంది. ఆ తర్వాతే అసిటోన్, మూత ఉన్న స్టీలు ట్రేలో 30 నుంచి 60 నిమిషాలు. చివర సీసాలోంచి నేరుగా శుభ్రమైన అసిటోన్ పోసి కడుగు.

అసిటోన్ మైనస్ 20 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి వదులుతుంది. ట్రే ఉన్న చోట దేవుడి దీపం, అగరుబత్తి, గీజరు, ఇన్వర్టర్ ఏదీ ఉండకూడదు. మేడ మీద ఆరుబయట చేయడమే మేలు. మామూలు నైట్రైల్ గ్లవ్స్‌ను అసిటోన్ కొద్ది నిమిషాల్లో ఉబ్బిస్తుంది, నానబెట్టే పనికి బ్యూటైల్ గ్లవ్స్ కావాలి. ఇక్కడి నుంచి చివరి బేకింగ్ దాకా ఒట్టి చేత్తో ముక్కను తాకకూడదు. ఆ గదిలో సిలికాన్ స్ప్రే, డాష్‌బోర్డు పాలిష్ డబ్బాలు కూడా ఉంచకూడదు.

గుంటలు, బ్లాస్టింగ్

స్కోప్ మౌంట్ కింద గుంటలను పూత కప్పుతుందని చాలామంది నమ్మకం. 20 మైక్రాన్ల పూత దేన్నీ నింపదు. బ్లాస్టింగ్ కూడా గుంటను తీయదు, లోపలి తుప్పును మాత్రం ఊడగొడుతుంది. కాబట్టి ఆ భాగాన్ని ముందు 180 ఎమరీతో, తర్వాత 320తో పొడవు దిశలో, గట్టి చెక్క వెనక పెట్టి రుద్దారు. వేలితో నొక్కి రుద్దితే ఉపరితలం అలలు తిరుగుతుంది, మ్యాట్ పూత మీద కూడా ఆ అలలు వెలుతురులో కనిపిస్తాయి. మౌంట్ పట్టుకునే డోవ్‌టెయిల్ గాడి అంచుల దగ్గర ఉన్న లోతైన రెండు గుంటలను అలాగే వదిలేశారు. అక్కడ ఇంకా రుద్దితే అంచులు అరిగి మౌంట్ జారుతుంది. అందానికి పట్టు బలిపెట్టడం తెలివైన బేరం కాదు.

బ్లాస్టింగ్ ఇంట్లో కుదరదు. రంగు కొట్టడానికి రెండు హార్స్‌పవర్, 50 లీటర్ల ట్యాంకు కంప్రెసర్ చాలుతుంది. బ్లాస్టింగ్ నాజిల్ దాన్ని నిమిషంలో ఖాళీ చేస్తుంది. బాలానగర్, జీడిమెట్లలో జాబ్ వర్క్ చేసే షెడ్లు ఉన్నాయి, అయితే అడగాల్సినవి అడిగి ఇవ్వాలి. కావలసింది 100 నుంచి 120 గ్రిట్ సైజు అల్యూమినియం ఆక్సైడ్ లేదా గార్నెట్ రజను, అది కూడా కొత్తది. షెడ్లలో ఒకే క్యాబినెట్‌లో గేర్‌బాక్స్ మూతలూ, ఆయిల్ కారే కాస్టింగులూ దూరుతుంటాయి. ఆ పాత గ్రిట్‌తో కొడితే అప్పటిదాకా చేసిన జిడ్డు కడుగుడు, అంటే డీగ్రీజింగంతా వృథా, నూనెను లోహంలోకి కొట్టి దింపినట్టవుతుంది. స్టీల్ షాట్, గ్లాస్ బీడ్ పనికిరావు. అవి ఉపరితలాన్ని నునుపుగా సాగగొడతాయి గాని పూత పట్టుకునే పదునైన గరుకు ఇవ్వవు. గ్రిట్ మనమే కొనుక్కెళ్ళి, క్యాబినెట్ ఖాళీ చేయించి కొట్టించడం ఉత్తమం. రాణిగంజ్‌లో బస్తాల్లో దొరుకుతుంది.

ఒత్తిడి ఉక్కుకు 80 నుంచి 100 పీఎస్‌ఐ. సీరియల్ నంబరు చెక్కిన చోట టేపు అంటించి చుట్టూ కొట్టి, చివర టేపు తీసి 40 పీఎస్‌ఐ దగ్గర ఒక్క చెయ్యి ఆడించారు. నంబరు చెరిగిపోతే తర్వాత ఎవరికి సమాధానం చెప్పినా సరిపోదు. ట్యూబ్ రెండు చివరలా గట్టి రబ్బరు బిరడాలు, కాకింగ్ గాడికి లోపలి నుంచి నైలాన్ పైపు. ఆ గాడి సంగతి షెడ్డు వాళ్ళకు తట్టదు, ట్యూబ్ చివర్లు మూసి చాలనుకుంటారు. గాడిలోంచి దూరిన గ్రిట్ లోపలి గోడను గీస్తే పిస్టన్ సీలు కొద్ది వందల షాట్లలోనే అరిగిపోతుంది.

బ్లాస్టింగ్ అయిన ఉక్కు ఒకే రకమైన బూడిద రంగులో, ఏ కోణంలో చూసినా మెరుపు లేకుండా ఉండాలి. మెరిసే మచ్చ కనిపిస్తే అక్కడ గ్రిట్ తగల్లేదు. ఈ స్థితిలో లోహానికి ఏ రక్షణా లేదు. జూలై, ఆగస్టు గాలిలో సాయంత్రానికి కాఫీ రంగు పొర లేస్తుంది, కాబట్టి బ్లాస్టింగ్, పూత ఒకే రోజు పెట్టుకోవాలి.

గ్యాస్ ఔట్

బ్లాస్టింగ్ అయిన ముక్కను పూత లేకుండా ఓవెన్‌లో వేడిచేసి, సందుల్లో దాక్కున్న నూనెను బయటికి రప్పించాలి. మామూలుగా 149 డిగ్రీల దగ్గర గంట. ఇక్కడ బ్యారెల్ జిగురు వల్ల 121 దాటకూడదని ముందే నిర్ణయం, అందుకే సమయాన్ని రెట్టింపు చేశారు. నియమం ఒక్కటే: గ్యాస్ ఔట్ వేడి బేకింగ్ వేడికంటే తక్కువ ఉండకూడదు. తక్కువైతే మిగిలిన నూనె పూత తడిగా ఉన్నప్పుడే బయటికొస్తుంది.

ఈ కేసులో రెండు చోట్ల బయటపడింది. స్కోప్ స్టాపర్ స్క్రూ రంధ్రం చుట్టూ, ట్యూబ్‌కు కాకింగ్ బ్రాకెట్ వెల్డు చేసిన అతుకు వెంట, ముదురు చెమట మరక లాంటి గీత. తెల్ల గుడ్డతో అద్దితే జిడ్డు అంటింది. ఆ రెండు భాగాలూ మళ్ళీ టర్పెంటైన్, అసిటోన్, తేలికపాటి బ్లాస్టింగ్, మళ్ళీ గ్యాస్ ఔట్, గుడ్డకు ఏమీ అంటని దాకా. గుడ్డతో తుడిచి సరిపెట్టుకుంటే కుదరదు, సందులో ఉన్నది సందులోనే ఉంటుంది.

ట్రిగ్గర్ గార్డు, వెనక మూత పోత అల్యూమినియం, డై కాస్టింగ్. వీటిది వేరే జబ్బు. పోత లోపల సన్నని గాలి బుడగలు ఉంటాయి, బ్లాస్టింగ్ పై చర్మాన్ని తీసేసరికి అవి తెరుచుకుంటాయి, వేడికి గాలి ఉబ్బి పూతలో సూదిమొన రంధ్రాలు, బొబ్బలు లేస్తాయి. కాబట్టి వీటికి బ్లాస్టింగ్ ఒత్తిడి సగానికి తగ్గించి, చర్మం పోకుండా మసకబార్చారు. బ్యారెల్ జిగురుతో వీటికి సంబంధం లేదు గనుక విడిగా 149 దగ్గర గ్యాస్ ఔట్ చేసి, బేకింగ్ మాత్రం 121 దగ్గర చేశారు. బేకింగ్ కంటే ఎక్కువ వేడి ముందే చూసిన పోత తర్వాత కొత్తగా ఊపిరి వదలదు.

ఓవెన్

వంటింటి ఓటీజీ పనికిరాదు, రెండు కారణాలకు. ట్యూబ్ అందులో పట్టదు. పట్టినా, ఒకసారి సాల్వెంట్ ఆవిరి పీల్చిన ఓవెన్‌లో మళ్ళీ తిండి వండకూడదు. ఇక్కడ వాడింది రేకు బీరువా లాంటి నిలువు పెట్టె, చుట్టూ రాక్‌వూల్, అడుగున 2 కిలోవాట్ల హీటరు, లోపల గాలి తిప్పే ఫ్యాను, వేడిని స్థిరంగా ఉంచే పీఐడీ కంట్రోలరు, హీటరును ఆన్, ఆఫ్ చేసే ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే), వేడి కొలిచే కె టైపు థర్మోకపుల్. ఎర్తింగ్ తప్పనిసరి, రేకు పెట్టె కరెంటు పట్టుకుంటే మొత్తం పట్టుకుంటుంది. హీటరు కాయిల్ బయటికి తెరుచుకోకుండా రేకు అడ్డం ఉండాలి, రాలిన చుక్క ఎర్రటి కాయిల్ మీద పడకూడదు.

థర్మోకపుల్ ఒకటి చాలదు. ఒకటి గాలికి, ఇంకొకటి అన్నిటికంటే మందమైన ముక్కకు, ఇక్కడ బ్రీచ్ బ్లాక్‌కు, తీగతో ఆనించి కట్టాలి. గాలి 121కి చేరాక కూడా బ్లాక్ చాలాసేపు వెనకబడే ఉంటుంది, పల్చటి ట్రిగ్గర్ గార్డు మాత్రం వెంటనే అందుకుంటుంది. ముక్క వేడి చేరినప్పటి నుంచే గడియారం మొదలు. చాలాచోట్ల పూత గట్టిపడలేదని మందును తిడతారు, లోపం గడియారం ముందే మొదలుపెట్టడంలో ఉంటుంది.

గాలిలో నీళ్ళు

హైదరాబాద్ వానాకాలం లెక్క ఇది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. కంప్రెసర్ దాన్ని ఎనిమిదో వంతు చోటులోకి నొక్కి, మళ్ళీ 30 డిగ్రీలకు చల్లారితే అంత చోటు పట్టుకోగలిగేది 4 గ్రాములకు లోపే. మిగతా 20 గ్రాములు నీళ్ళై ట్యాంకులో, పైపులో పడతాయి. ట్యాంకు వేడిగా ఉన్నప్పుడు ఆవిరిగా దాటిపోయి స్ప్రే గన్ దగ్గర చల్లారి చుక్కవుతుంది. తడి పూతలో ఆ చుక్క తెల్లటి పొక్కుగా మిగులుతుంది, సిలికాన్ కన్నులాగే ఉంటుంది గాని నడుమ లోహం కనపడదు. ఏది ఏదో తెలియకపోతే మందు తప్పు చోట వేస్తారు.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. ట్యాంకు తర్వాత రాగి గొట్టం చుట్టను ఐసు నీళ్ళ బకెట్‌లో ముంచి, దాని తర్వాత వాటర్ ట్రాప్, గన్‌కు దగ్గర్లో సిలికా జెల్ ఫిల్టరు. వరస తప్పొద్దు. చల్లబరచకుండా ట్రాప్ పెడితే ఆవిరి దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. ట్యాంకు అడుగు కుళాయి పని ముందూ మధ్యలోనూ తెరవాలి. నూనె లేని కంప్రెసరైతే మంచిది, లేకుంటే నూనె పట్టే ఫిల్టరు కూడా ఉండాలి.

కలపడం, కొట్టడం

18 భాగాల రంగుకు 1 భాగం క్యాటలిస్ట్, కొలత పరిమాణంతో, తూకంతో కాదు. ఈ ముక్కలకు 54 మి.లీ. రంగు, 3 మి.లీ. క్యాటలిస్ట్. క్యాటలిస్ట్‌ను సూది లేని 5 మి.లీ. సిరంజితో తీయాలి. కారణం ఇదీ: ఒక్క మిల్లీలీటరు ఎక్కువైతే నిష్పత్తి 13.5కు పడి పూత మెరుపు తేలుతుంది, ఒకటి తక్కువైతే 27కు పోయి చప్పగా మసకబారుతుంది. 12:1 నుంచి 24:1 దాకా మెరుపు కోసం కావాలనే మార్చుకోవచ్చు, కానీ బ్యారెల్‌కు ఒకటి, ట్రిగ్గర్ గార్డుకు ఒకటి అయితే రెండూ వేరే రైఫిళ్ళవిలా కనిపిస్తాయి. అందుకే ముక్కలన్నీ ఒకే కలుపుతో, ఒకే పూట. కలిపే ముందు రంగు సీసాను బాగా కుదపాలి, పుల్ల పెట్టి చూస్తే అడుగున ముద్ద తగలకూడదు. కలిపాక సన్నని జాలీలో వడపోయాలి. కలిపింది మర్నాటికి దాచుకోవడానికి కాదు.

స్ప్రే గన్ 0.8 మి.మీ. నాజిల్ ఉన్న చిన్న హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే రకం), ఒత్తిడి 20 నుంచి 25 పీఎస్‌ఐ. ముక్కకు 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం. ముందు గాడులు, మూలలు, కాకింగ్ ఆర్మ్ లోపలి వంపు. తర్వాత పెద్ద ఉపరితలాలు. పెద్దవి ముందు కొట్టి మూలలకు తర్వాత వస్తే చుట్టుపక్కల రెండోసారి పడి మందం పెరుగుతుంది. పూత తడిగా మెరవాలి, కదలకూడదు. ఇక్కడ ఏప్రిల్, మే మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకూడదు. 40 డిగ్రీల్లో సాల్వెంట్ దారిలోనే ఆరిపోయి, పూత పొడిగా, వేలికి ఇసుకలా తగులుతుంది. తెల్లవారుజామునే మంచిది. అప్పుడే దుమ్మూ తక్కువ.

పూత పడకూడని చోట్లను మూసే మాస్కింగ్‌కు వేడి తట్టే ఆకుపచ్చ పాలిస్టర్ టేపు, సిలికాన్ బిరడాలు. సిలికాన్ నూనె శత్రువైనా గట్టిపడ్డ సిలికాన్ రబ్బరు బిరడా ఇబ్బంది కాదు, కొత్తదాన్ని ఒకసారి అసిటోన్‌తో తుడిస్తే చాలు. గదిలో ఫ్యాను ఆవిరి బయటికి పోయే దారిలో కాదు, తాజా గాలి వచ్చే వైపు ఉండాలి. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను మోటారు నిప్పురవ్వకు ఆవిరి అంటుకోవచ్చు. ముఖానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటరు. కరోనా నాటి ఎన్95 మాస్కు తుంపరను ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు.

కొట్టడం అయ్యాక 10, 15 నిమిషాలు వదిలేసి, టార్చి అడ్డంగా వేసి ప్రతి అంగుళమూ చూడాలి. ఈ దశలో ఏ లోపం కనిపించినా అసిటోన్‌తో మొత్తం కడిగేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, పావుగంట పని. ఓవెన్ దాటాక అదే లోపాన్ని తీయడానికి బ్లాస్టింగ్ తప్ప దారిలేదు. బ్యారెల్ కింద వైపు, బ్రీచ్‌కు రెండంగుళాల ముందు ఒక కారిన బొట్టు ఈ వెలుతురులోనే దొరికింది. కొక్కెం దగ్గర చేరిన మందు కిందికి జారింది. బ్యారెల్ కడిగి మళ్ళీ కొట్టారు, ఈసారి కొక్కేన్ని మజిల్ బిరడాకు మార్చి.

బేకింగ్, పరీక్ష

82 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, బయటికి తీసి, టేపు అంచులు మెల్లగా లాగేశారు. పూత పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు పెంకులా లేస్తుంది. తర్వాత 121 దగ్గర రెండు గంటలు. ప్లాస్టిక్ భాగాలైతే 82 దగ్గరే రెండు గంటలు సరిపోతుంది. మధ్యలో కరెంటు పోతే ముక్క చల్లారినంత మాత్రాన కొంపమునగదు, వచ్చాక మళ్ళీ 121కి తెచ్చి పూర్తి రెండు గంటలు లెక్కపెట్టాలి. ఎక్కువసేపు కాలడం వల్ల ఈ పూతకు నష్టం లేదు, తక్కువ కాలితే ఉంది.

అన్నిటితో పాటు అదే రకం ఉక్కు పట్టీని అదే విధంగా కడిగి, బ్లాస్టు చేసి, కొట్టి, ఓవెన్‌లో వేలాడదీయాలి. పరీక్షలన్నీ దాని మీదే, రైఫిల్ మీద కాదు. అసిటోన్ తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటకూడదు. అంటితే బేకింగ్ చాల్లేదు. కొత్త బ్లేడుతో మిల్లీమీటరు ఎడంగా అడ్డం, నిలువు గీతలు గీసి టేపు అంటించి లాగితే గళ్ళు ఊడకూడదు. ఊడితే బ్లాస్టింగో డీగ్రీజింగో తప్పింది, మళ్ళీ కాల్చి లాభం లేదు. రెండు పరీక్షలూ రెండు వేర్వేరు రోగాలు చెబుతాయి. బ్లాస్టు చేసి పూత వేయని పట్టీ మీద మందం కొలిచే మీటరును సున్నా చేసుకోవాలి, నునుపు పలక మీద చేస్తే గరుకు కూడా పూతగా లెక్కకొస్తుంది. బ్యారెల్ మీద 20 మైక్రాన్ల చుట్టుపక్కల వచ్చింది, మూలల్లో కొంచెం ఎక్కువ. అల్యూమినియం మీద అయస్కాంతపు మీటరు పనిచేయదు, ఎడ్డీ కరెంట్ రకం కావాలి.

బిగింపులో ఒకచోటే పట్టింది. కాకింగ్ ఆర్మ్ చివర ట్యూబ్ గాడిలో జారే బొటనవేలంత భాగం. అది పూత పడకూడని చోట అని గాడి వైపు టేపు ఉంది, ఆర్మ్ వైపు పక్క గోడల మీద మాత్రం పలుచగా పడింది. 600 ఎమరీతో ఆ గోడలను లోహం తేలేదాకా రుద్ది, మోలీ గ్రీజు రాశారు. పివట్ బోల్టు, వాషర్లు ఎలా ఉన్నవి అలాగే ఎక్కాయి. ట్యూబ్ లోపల గ్రిట్ మిగిలిందేమో చూడటానికి పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగాలి, ఆ తర్వాతే పిస్టన్. క్రోనోగ్రాఫ్ మీద అదే పెల్లెట్, అదే డబ్బాలోవి, పది షాట్ల సగటు విప్పకముందు సగటుతో పోల్చి చూస్తారు. తగ్గితే ముందు బ్రీచ్ సీలు, తర్వాత పిస్టన్ సీలు చూడాలి. ఇక్కడ తేడా షాటుకు షాటుకు ఉండే చెదురుకు లోపే ఉంది.

వాడకంలో మొదట అరిగేది లాకింగ్ వెడ్జి తగిలే బ్రీచ్ ముఖం, తర్వాత మౌంట్ క్లాంపు పళ్ళు కొరికే డోవ్‌టెయిల్ అంచు. రెండు చోట్లా సన్నని వెండి గీత పడుతుంది. పూత ఊడటం కాదది, ఉక్కు ఉక్కుతో నొక్కుకున్న గుర్తు. వారానికోసారి నూనె తడిపిన గుడ్డ ఆడిస్తే చాలు. గీత చుట్టూ పూత పెచ్చుగా లేస్తుంటే మాత్రం అది వేరే సంగతి, దాన్ని పై నుంచి టచప్ చేయకూడదు, ఆ ముక్క మళ్ళీ బ్లాస్టింగ్‌కే. మిగిలిన రంగు, క్యాటలిస్ట్ వేర్వేరు సీసాల్లో మూత బిగించి చల్లటి చోట ఉంచాలి. కలిపి మిగిలిన ముద్దను, కడిగిన అసిటోన్‌ను మోరీలో పోయకూడదు. ముద్దను డబ్బాలోనే గట్టిపడనిచ్చి, అసిటోన్‌ను మూత డబ్బాలో తేర్చి పైతేటను తర్వాతి పనికి మొదటి కడుగుగా వాడుకోవచ్చు, సిలికాన్ తగిలిన ట్రేలోది తప్ప.